అన్‌లిమిటెడ్ అంటే ఎంత

నా వెనక నిలబడకు, తెర మీద నీ నీడ పడుతోంది, అని చిన్నది చేతులతో విసుక్కున్నాక ఇలా గడప దగ్గర ముక్కాలిపీట మీద కూలబడ్డాను. ఇక్కణ్ణుంచి నాకు కనిపించేదల్లా దాని మెడ, పైకి చుట్టిన జడలో గుచ్చుకున్న పెన్సిలు, భుజం మీదుగా కంప్యూటర్ తెరలో ఒక మూల, ఆ మూలన ఆకుపచ్చ గీత. ఎంతమంది వస్తున్నారో చెప్పే గీత అది. ఇప్పటికైతే భోజనం చేసిన మనిషిలా నేల మీద వెల్లకిలా పడుకుని ఉంది, పది కొట్టాక లేస్తుంది. కొట్టడమంటే మా ఇంట్లో ఏదీ కొట్టదు. గోడగడియారంలో గంట పీకేసి ఎర్ర బల్బు బిగించింది నేనే. వీధి బెల్లు నొక్కినా బల్బే వెలుగుతుంది, ఫోను మోగినా బల్బే, ఆఖరికి పాలు పొంగినా బల్బు వెలుగుతుందని నలుగురిలో చెప్పుకుంటాను, అది మాత్రం నా సొంత కల్పన. మా ఆవిడ పక్కన లేనప్పుడు బాగా చెల్లుతుంది. ఆవిడ ఇప్పుడు హాల్లో మిషను ముందు కూర్చుని నల్ల చొక్కా కుడుతోంది. మా ఇంట్లో కుట్టేవన్నీ నల్ల చొక్కాలే, పువ్వుల గుడ్డ వేసుకుని సైగ చేస్తే వేళ్ళు పువ్వుల్లో కలిసిపోయి పిల్లలకి మాట కనపడదు. వినపడని పిల్లలకి మాట కనపడాలి. ఇంట్లో ఎవరికీ పండగ బట్టల్లేవురా బాబూ, అందరం కోర్టు వకీళ్ళలా తిరుగుతున్నాం అని నేనంటే, వకీళ్ళయితే అబద్ధానికి డబ్బులొస్తాయి, మీరు ఊరికే చెప్తారు అంటుంది.

చిన్నదంటే మా అమ్మాయి, దానికీ వినపడదు. నిజంగా చిన్నదేం కాదు, కణతల దగ్గర తెల్లవెంట్రుకలు తొంగిచూస్తున్నాయి, వినపడని పిల్లల బడిలో పాఠాలు చెప్తుంది, అయినా చిన్నదే. వాళ్ళ భాషలో పేర్లు పలకరు, చూపిస్తారు. దాని పేరు ఎడమ కనుబొమ్మ మీద వేలితో గీసే చిన్న గీత, పాకే వయసులో మంచం కోడు తగిలి చీరుకున్న చోటు. నా పేరు అది పెట్టిందే, నోటి దగ్గర పిడికిలి పెట్టి ముందుకు తెస్తూ వేళ్ళన్నీ విప్పడం, హారన్ అన్నమాట. సభలకి మైకుసెట్టు కట్టే మనిషికి ఇంతకన్నా సరైన పేరు ఎవరు పెడతారు. దాని బడిలో పిల్లలు వీధిలో నన్ను చూస్తే అందరూ కలిసి నోటి ముందు వేళ్ళు విప్పుతారు, నాకు మీసం దానంతట అదే లేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ గదిలో తెల్లగోడ ముందు నిలబడి, నల్ల చొక్కా వేసుకుని, ఒక్కో మాటకి ఒక్కో చిన్న వీడియో తీసింది చిన్నది, వేలాది మాటలు, సైగల నిఘంటువు. దాన్నంతా నెట్‌లో పెట్టింది. ఇవాళ పదింటికి నలుదిక్కులా ఉన్న అలాంటి బడులన్నీ ఒకేసారి తెరుస్తాయి, గంటసేపు పాఠం. ఆ గంటసేపూ సైటు పడిపోకుండా నిలబడితే బడుల సంఘం దీన్ని పిల్లల పాఠాల్లో పెడుతుంది. పడిపోతే ఎవరో కంపెనీవాళ్ళు తయారుచేసిన బొమ్మ సైగలు కొనుక్కుంటుంది. ఆ బొమ్మని చూశాను నేను, చేతులకి వేళ్ళు కాదు, పుల్లలు అతికించినట్టుంటాయి, నీళ్ళు అనమంటే ఈగని తోలుతున్నట్టు ఉంటుంది. సంఘం పెద్ద మేడం మంచి మనిషే, మొన్న వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుని చెప్పేసింది. "మీ అమ్మాయి పని బంగారం అండీ. కానీ తెరిచినప్పుడు తెరుచుకోకపోతే పిల్లల్ని కూర్చోబెట్టి ఏం చూపించను? ఇంకొక్కసారే." ఆ ఇంకొక్కసారి ఇదే.

ఇంకొక్కసారి అంటే ముందొకసారి పడిందన్నమాట. పడక ఛస్తుందా, లెక్క వేసింది నేను. బడికి ఒక తెర చాలు అన్నాను. ఎందుకు చాలదు, జీవితమంతా అదే కదా నేను చేసింది, ఒక్క హారన్ కట్టు, మైదానం మొత్తం వింటుంది, మైదానం చివర కునుకుతున్న ముసలాడు కూడా వింటాడు, పక్క ఊళ్ళో దొంగ నా హారన్లో తన పేరు విని పోలీసు స్టేషన్‌కి నడిచి వెళ్ళి కూర్చున్న కథ చెప్పాను కదా, చెప్పలేదా, సరే మళ్ళీ చెప్తాను. మాట చెవికి వెళ్ళేదయితే ఒక నోరు వెయ్యిమందికి సరిపోతుంది. కంటికి వెళ్ళే మాట అలా కాదు. చిటికెనవేలు ఎటు వంగిందో వెనక బెంచీవాడికి కనపడదు, దగ్గరగా చూడాలి, ప్రతి పిల్లా తన ముందు తెర పెట్టుకోవాలి, ఫోనో పలకలాంటి ఆ ట్యాబో ఏదో ఒకటి. ఇది చిన్నదానికీ తట్టలేదు. దాని బడిలో తెర ముందు పదిమందే కూర్చుంటారు. నేను ఒకటి అనుకున్నచోట క్లాసుకి క్లాసు మొత్తం వచ్చి పడింది, వీడియోలన్నీ ఒకేసారి అడిగారు, ఆకుపచ్చ గీత తాటిచెట్టులా లేచింది, లేచి విరిగింది. తెరలో గుండ్రంగా తిరిగే ఆ చక్రం ఉంటుందే, దాన్ని చూస్తూ చిన్నది చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అది చేతులు ఒళ్ళో పెట్టుకుంటే నోరు మూసుకున్నట్టే. ఆ రోజంతా ఇంట్లో మిషను చప్పుడొక్కటే.

అప్పుడు మొదలైంది మా చదువు. చిన్నది ఫోనులో మాట్లాడలేదు కాబట్టి దానికి ఫోను నేను. బ్యాంకుకి నేను, ఆస్పత్రికి నేను, గ్యాసుకి నేను, దాని పెళ్ళిచూపులకి కూడా నేనే మాట్లాడాను, వచ్చినవాడు చెప్పిన నాలుగు ముక్కల్ని నేను నలభై చేసి సైగ చేస్తుంటే, అంత మాట్లాడేవాడు నాకొద్దు అంది. పాపం ఆ అబ్బాయి నోరే విప్పలేదు. సైటుకి నెట్‌లో చోటు అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను, చిన్నది ఎదురుగా కూర్చుంది. అవతల గొంతు తేనెలా ఉంది. "సార్, మీకు షేర్డ్ కావాలా, వీపీఎస్ కావాలా, డెడికేటెడ్ కావాలా?" నా చేతులు గాల్లో లేచి అక్కడే ఆగిపోయాయి. దేనికీ సైగ లేదు. ఇన్నేళ్ళలో దాని ముందు నా చేతులకి మాట దొరక్కపోవడం అదే మొదలు. చిన్నది నవ్వాపుకుంటోంది, హారన్‌కి కరెంటు పోయింది అని సైగ చేసింది.

సైగ కావాలంటే ముందు విషయం తెలియాలి. వెనకటి నా బడి గుర్తొచ్చింది, ఒకే గది, ఒకే మాష్టారు, అయిదు తరగతులు. మూడో తరగతివాళ్ళు ఎక్కాలు అందుకున్నారంటే ఒకటో తరగతికి అక్షరాలు ఎగిరిపోయేవి, మాష్టారు ఎవరి వైపు తిరిగితే వాళ్ళకే చదువు. అదీ షేర్డ్ హోస్టింగ్. ఒకే సర్వర్ మీద ఎవరెవరి సైట్లో, పక్కవాడింటికి జనం పోటెత్తితే మనకి ఊపిరాడదు. తర్వాత మాష్టారు ఆ గదిలో తడికలు కట్టించాడు. కప్పు ఒకటే, ఎవరి మూల వాళ్ళది, ఎవరి బల్ల వాళ్ళది, పక్కవాడి అల్లరి ఇటు రాదు. అది వీపీఎస్. ఇక డెడికేటెడ్ అంటే బడి మొత్తం ఒక్క పిల్లకే, మాష్టారూ గంటా అటెండరూ అంతా దానికే. అదే కావాలి మనకి అన్నాను వెంటనే, నా షాపులో ఎప్పుడూ అందరికన్నా పెద్ద ఆంప్లిఫయరే ఉండేది, మూడూళ్ళ అవతల గేదెలు పాలివ్వడం మానేశాయని పంచాయితీ పెట్టారు. చిన్నది తల అడ్డంగా ఊపింది. గంటసేపు పాఠానికి బడి మొత్తం ఎందుకు, ఊడ్చుకునేదెవరు అంది. ఊడ్చుకోవడం కూడా మన పనేనట, డెడికేటెడ్ తీసుకుంటే దాని మంచీచెడ్డా చూసే మనిషిని మనమే పెట్టుకోవాలట. సరే తడికల బడి చాలన్నాం.

ఒక్కో మాటకి ఒక్కో సైగ కట్టాం ఇద్దరం, అన్నం తిన్న కంచాలు ఎండిపోయేదాకా. మీరు లేస్తే కడుక్కుంటాను అని వాళ్ళమ్మ, ఆగవే సర్వర్ మధ్యలో ఉంది అని నేను. సర్వర్‌కి ఒక అరచెయ్యి కదలకుండా వెల్లకిలా పెట్టి, రెండో చేత్తో అందులోంచి తీసి తీసి నలుగురికీ ఇవ్వడం. డొమైన్‌కి, అంటే సైటు పేరుకి, నుదుటి మీద అడ్డంగా అరచెయ్యి, బోర్డు కట్టినట్టు. డొమైన్ కొన్నాక మళ్ళీ హోస్టింగ్ ఎందుకని నేను ఆ తేనెగొంతుతో పోట్లాడాను, తర్వాత నాకే నవ్వొచ్చింది. కరపత్రంలో మైదానం పేరు అచ్చు వేయించినంత మాత్రాన మైదానం వచ్చేస్తుందా, దాన్ని వేరే మాట్లాడుకోవాలి. హోస్టు మార్చాక కొత్తచోటు అందరికీ తెలియడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు అన్నప్పుడు మాత్రం ఎవరూ నాకు చెప్పక్కర్లేకపోయింది. సభ చోటు మారిస్తే పాత కరపత్రం పట్టుకున్నవాళ్ళు పాత మైదానానికే పోయి గడ్డి పీకుతూ కూర్చుంటారు. బ్యాండ్‌విడ్త్‌కి రెండు అరచేతులూ ద్వారబంధాల్లా నిలబెట్టి, ఆ సందు ఎంత వెడల్పో చూపించడం. నేను వైరు అన్నాను, మందం వైరు, సన్నం వైరు. ఒకాయన ఉపన్యాసం ఎంత పొడుగంటే అది నా వైర్లన్నిట్లో నిండిపోయింది, ఆయన దిగి కారెక్కి ఇంటికి పోయి నిద్రపోయాక కూడా చివరి హారన్లో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, వైరు చుట్ట చుడుతుంటే అందులోంచి దగ్గులు రాలాయి. ఈ కథ సైగల్లో చెప్తే చిన్నదాని బడిలో పిల్లలు నేలమీద దొర్లుతారు. కానీ సైగకి తలుపే బాగుంది, వైరు కాదు. ఒప్పుకున్నాను. అప్‌టైమ్‌కి ముంజేతిని నిట్టనిలువుగా నిలబెట్టి, రెండో చేతిని దాని చుట్టూ సూర్యుడిలా తిప్పడం. పగలూ రాత్రీ తిరిగినా నిలబడి ఉన్నదని. ఎంత అందంగా ఉందో చూడాలి ఆ సైగ. దాన్ని కట్టింది నా కూతురు.

బ్యాకప్ దగ్గర మాత్రం నేను గెలిచాను. మీ బ్యాకప్ అదే సర్వర్‌లో భద్రంగా ఉంటుంది సార్ అన్నాడు ఇంకో కంపెనీ కుర్రాడు. బాబూ, నేనూ ఒకప్పుడు రెండో ఆంప్లిఫయరు అదే వ్యానులో పెట్టుకుని తిరిగేవాణ్ణి, వ్యాను కాలవలో పడింది, రెండూ కలిసి మునిగాయి, ఆ ఏడాదంతా ఆ కాలవలో కప్పలు సభాధ్యక్షుల్లా మాట్లాడాయి, అని చెప్పాను. అతను ఎంత నవ్వాడంటే పక్కసీటువాళ్ళ నవ్వు కూడా వినపడింది. చిన్నది నా మోకాలి మీద కొట్టింది. కప్పలు తర్వాత, వేరేచోట పెడతారో లేదో అడుగు. పెట్టరట. పోయింది ఆ కంపెనీ.

ఇక ఆ అన్‌లిమిటెడ్. "మా దగ్గర బ్యాండ్‌విడ్త్ అన్‌లిమిటెడ్ సార్, స్టోరేజ్ అన్‌లిమిటెడ్, వెబ్‌సైట్లు అన్‌లిమిటెడ్." తేనెగొంతు చెప్పుకుంటూ పోతోంది, నేను వెంటవెంటనే సైగ చేస్తున్నాను, ఆ మాట వచ్చినప్పుడల్లా నా చేతులు తెలియకుండానే ఒక పని చేశాయి. కుడిచేత్తో మీసం మెలేసి, రెండు చేతులూ బారెడు చాచుకున్నాయి. మా ఇంట్లో ఆ సైగ ఎప్పటినుంచో ఉంది. చిన్నది ఆరేళ్ళప్పుడు కనిపెట్టింది. అర్థం, నాన్న కోతలు. చిన్నది కళ్ళు పెద్దవి చేసి నా చేతుల వంకే చూసింది, తర్వాత మెల్లగా ఒక ప్రశ్న వేసింది. నేను గొంతు సవరించుకుని అవతలకి అందించాను.

"బాబూ, మా అమ్మాయి అడుగుతోంది. ఆ అన్‌లిమిటెడ్ అంటే ఎంత?"

"అంటే... అన్‌లిమిటెడే సార్."

"అదే, ఎంతవరకూ అన్‌లిమిటెడు?"

కాగితాల చప్పుడు. "ఫెయిర్ యూసేజ్ పాలసీ అని ఉంటుంది సార్. మరీ ఎక్కువ వాడితే కాస్త నెమ్మదిస్తుంది."

"ఎంత వాడితే మరీ ఎక్కువ?"

"అది... చూసి చెప్తాం సార్."

ఫోను పెట్టేశాక వాళ్ళమ్మ మిషను దగ్గర్నుంచే అంది. "మీలాంటివాళ్ళు ఫోనుల్లో కూడా ఉన్నారన్నమాట." ఉంటారు మరి, నాది కళ, ఎక్కడైనా బతుకుతుంది. ఏ కోత ఎంతదాకా సాగుతుందో కోసేవాడికి తెలిసినట్టు ఇంకొకడికి తెలియదు, ఆ మాట మాత్రం అతిశయోక్తి కాదు. కానీ అడగాలని తట్టింది నాకు కాదు, చిన్నదానికి. పుట్టినప్పట్నుంచీ నా మాటల్లో నిజం ఎక్కడ ఆగిపోతుందో కళ్ళతో పట్టుకుంటూ పెరిగింది మరి.

ఎర్ర బల్బు వెలిగింది. పది. గీత కదిలింది.

మొదట చీమలా, తర్వాత బల్లిలా. చిన్నది వీపు నిటారైంది. హాల్లో మిషను ఆగింది. "లేచిందా?" అంది వాళ్ళమ్మ. లేస్తోంది అన్నాను. "మీరు కాస్త ఊపిరి పీల్చుకోండి. సర్వరు కన్నా ముందు మీరు పడిపోయేట్టున్నారు." పీల్చుకున్నాను. ఎక్కడో బెంచీల మీద పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు వంగి వేళ్ళు చూసుకుంటున్నారు, నా కూతురి వేళ్ళు, ఎండ అంటున్నాయి, అన్నం అంటున్నాయి, అక్క అంటున్నాయి, ఒకే క్షణంలో ఇన్నిచోట్ల ఇన్ని మాటలు, నా హారన్ ఏనాడు పోయింది అంత దూరం. దొంగని స్టేషన్‌కి పంపిన హారన్ కూడా పోలేదు. గీత ఎక్కుతోంది, పోయినసారి విరిగిన ఎత్తు దాటింది, అక్కడ చిన్నది పెన్సిలుతో తెర అంచున చిన్న గుర్తు పెట్టుకుంది, ఆ గుర్తు దాటినప్పుడు దాని భుజాలు ఒక్క వేలెడు దిగాయి. నా మీసం మీదికి చెయ్యి పోయింది. అప్పుడే మీసం ఎందుకు, ఇంకా గంట ఉంది.

చివరికి రెండు కంపెనీలు మిగిలాయి మా దగ్గర. ఒకటి ఆ తేనెగొంతువాళ్ళది. అన్‌లిమిటెడ్ కాకుండా తడికల బడి ప్లాను కూడా ఉందన్నాడు, బ్యాకప్ వేరే ఊళ్ళో పెడతామన్నాడు, నేను ఎప్పుడు ఫోన్ చేసినా రెండో మోతకే ఎత్తి, చెప్పండి సార్ మళ్ళీ ఏ కథ అనేవాడు. రెండోది మూగ కంపెనీ. వాళ్ళ సైటు అడుగుదాకా వెతికినా ఫోను నంబరు లేదు. నేను ఆ తేనెగొంతు వైపు. గొంతు లేని కంపెనీ ఏం కంపెనీ అన్నాను, అర్ధరాత్రి పడిపోతే ఎవణ్ణి లేపుతాం. చిన్నది రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది, మూగ కంపెనీ తీసుకుంది. ఎందుకే అంటే అప్‌టైమ్ సైగ చేసింది, ద్వారబంధాల సైగ చేసింది, ప్లాను మధ్యలో పెంచుకోవచ్చు, ఆపక్కర్లేదు అంది. అవి తేనెగొంతువాళ్ళకీ ఉన్నాయి. ఇంకేదో ఉంది, చెప్పలేదు. సపోర్ట్ అన్న మాటకి కూడా అప్పుడు చిన్నది సైగ కట్టలేదు. నేను కట్టాను, బొటనవేలూ చిటికెనవేలూ చాచి చెవి దగ్గర పెట్టి, ఫోను. దాని కనుబొమ్మ మీద గీత కాస్త పైకి లేచింది. ఇది తర్వాత చూద్దాం అంది.

గీత ఆగింది. ఆగి, వణుకుతోంది. పక్కనే చిన్నది తెరిచి పెట్టుకున్న నిఘంటువు పేజీలో చక్రం తిరుగుతోంది, అదే చక్రం, గుండ్రంగా, తీరిగ్గా. ఎక్కడో పెద్ద మేడం ఒక క్లాసు ముందు నిలబడి గడియారం చూసుకుంటూ ఉంటుంది, కంపెనీ బొమ్మ పుల్లల వేళ్ళతో తలుపు దగ్గర ఎదురుచూస్తూ ఉంటుంది. లేచాను. ఫోను నా చేతిలోనే ఉంది, గొంతు సవరించుకోవడం కూడా అయిపోయింది, ఇన్నేళ్ళ అలవాటు, చిన్నదానికి కష్టం వస్తే నా గొంతు దానంతటది సిద్ధమైపోతుంది. అప్పుడు గుర్తొచ్చింది, చేయడానికి నంబరు లేదు. చూశావా, చూశావా, చెప్పానా లేదా, గొంతు లేని కంపెనీ. తేనెగొంతయితే ఈపాటికి ఎత్తేసేవాడు, చెప్పండి సార్ అనేవాడు, నేను అతనికి చెప్పి, అతను చెప్పింది చిన్నదానికి చెప్పి, అది అడిగింది అతనికి చెప్పి.

చిన్నది వెనక్కి తిరక్కుండానే ఎడమ చెయ్యి ఎత్తి అరచెయ్యి చూపించింది. ఆగు. కుడిచేత్తో తెర మూలన ఏదో నొక్కింది. చిన్న పెట్టె తెరుచుకుంది. టైపు చేసింది, టకటకటక. కింద మూడు చుక్కలు ఎగిరాయి. చుక్కల చోట అక్షరాలు వచ్చాయి. మళ్ళీ అది టైపు చేసింది. మళ్ళీ చుక్కలు. అవతల ఎవరో ఉన్నారు. మాట్లాడుతున్నారు. నేను లేకుండా మాట్లాడుతున్నారు. చిన్నది అడుగుతోంది, వాళ్ళు చెప్తున్నారు, మధ్యలో హారన్ లేదు, ఏ మాటా నలభై మాటలు కావడం లేదు, ఏ మాటకీ నా వైపు తిరిగి నా చేతుల కోసం చూడక్కర్లేదు. మెమరీ అన్న మాట కనపడింది నాకు, ఇప్పుడే పెంచుతాం అన్న మాట కనపడింది, ఆపకుండానే అన్న మాట. ఎంతసేపు పట్టిందో తెలియదు, ఫోను పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. మూగ కంపెనీ. ఛ, మూగ ఏమిటి, ఎంత చక్కగా మాట్లాడుతోంది దాంతో. అందుకా తీసుకున్నావు. పగలైనా రాత్రయినా, నేను నిద్రపోతున్నా, ఊళ్ళో లేకపోయినా, అసలు ఎక్కడా లేకపోయినా, అది తన కష్టం తనే చెప్పుకోగల చోటు చూసుకుంది. అన్ని మాటలూ నేర్చుకుని నేను తలుపులు కొలుస్తుంటే, వైర్లు కొలుస్తుంటే, చిన్నది కొలిచింది ఇది. నాకు చెప్పలేదు, బాధపడతానని. బాధేనా ఇది. పీట వెతుక్కుని కూర్చున్నాను. బాధయితే మీసం మీదికి చెయ్యి ఎందుకు పోతుంది.

చక్రం ఆగింది. పేజీ తెరుచుకుంది. గీత ఒకసారి ఒళ్ళు విరుచుకుని మళ్ళీ పైకి పట్టింది.

మిగిలిన గంట ఎలా గడిచిందో చెప్పమంటే ఒక పెద్ద కథ చెప్పగలను గానీ నిజానికి ఏమీ జరగలేదు, అదే దాని గొప్పతనం. మంచి మైకుసెట్టుకి కూడా అదే గుర్తు, సభ అయ్యాక ఎవరికీ అది గుర్తుండకూడదు. బల్బు వెలిగింది, పదకొండు. వెంటనే ఇంకో బల్బు, ఫోనుది. పెద్ద మేడం వీడియోలో ఉంది, ఏమీ అనలేదు, ఫోను పిల్లల వైపు తిప్పింది. క్లాసంతా చేతులు పైకెత్తి, వేళ్ళు విప్పి, గాలికి ఆకులు ఊగినట్టు ఊపుతున్నారు. వాళ్ళ చప్పట్లు అలాగే ఉంటాయి, చప్పుడుండదు. నా జన్మలో ఎన్ని సభల చప్పట్లు నా వైర్లలో పోయాయో, ఒక్కటీ ఇంత గట్టిగా లేదు. చిన్నది కూడా రెండు చేతులూ ఎత్తి ఊపింది, చొక్కా చేతులు మోచేతుల దాకా జారాయి.

అప్పుడు వెనక్కి తిరిగి నన్ను రమ్మంది. నిఘంటువులో కొత్త పేజీ తెరిచింది, కంప్యూటరు మాటలు. సర్వర్, డొమైన్, బ్యాండ్‌విడ్త్, మేము కంచాలు ఎండబెట్టి కట్టిన మాటలన్నీ నల్ల చొక్కాలు వేసుకుని వరసగా నిలబడ్డాయి. అన్‌లిమిటెడ్ నొక్కింది. తెరలో చిన్నది లేని మీసం మెలేసి బారెడు చేతులు చాచింది. అయ్యో, అన్ని బడుల్లో పిల్లలూ నా కోతల్ని పాఠంగా నేర్చుకుంటారు ఇక. ఇంతకన్నా ఒక మనిషికి ఏం కావాలి. తర్వాత ఇంకొకటి నొక్కింది, సపోర్ట్. చెవి దగ్గర ఫోను లేదు. ఎడమ ముంజేతిని నిలువుగా నిలబెట్టి, కుడిచేతి రెండు వేళ్ళతో దాని మీద మెట్టు మెట్టుగా ఎక్కించింది. పైకి చేరాక ఆ చెయ్యి కిందికొచ్చి మోచేతి దగ్గర గట్టిగా పట్టుకుంది. పట్టుకుని, మొహం పైకెత్తి చూసింది.

నిచ్చెన. స్తంభాలకి హారన్లు కట్టడానికి నేనెక్కే వెదురు నిచ్చెన, సాయంత్రాలు, మోకాళ్ళు దాటని గౌనులో చిన్నది దాని మొదలు రెండు చేతులా కౌగిలించుకుని నిలబడేది. జాగ్రత్త అని అరవలేదు, నేను పైనుంచి ఏమన్నా వినపడదు, అందుకని చూపు తిప్పకుండా నా కాళ్ళ వంకే చూసేది, హారన్ అంత బరువు కూడా లేని పిల్ల. నేను ఊళ్ళో ఏమని చెప్పుకున్నాను, మా చిన్నదానికి గొంతు నేనే అని, దాన్ని మోస్తున్నది నేనే అని. దాని మాటలో సపోర్ట్ అంటే ఫోను పట్టుకున్న నాన్న కాదు. నిచ్చెన పట్టుకున్న తనూ, పైనున్న నేనూ.

"ఏమైంది? పడిందా, నిలబడిందా?" హాల్లోంచి వాళ్ళమ్మ.

"నిలబడింది."

"అంతేనా? ఇంకేమీ కలపరా?" అంది.

కలపడానికి వెతికాను. గేదెలు, కప్పలు, దొంగ, వైరులోంచి రాలిన దగ్గులు, అందరూ వచ్చి నిలబడ్డారు గానీ ఒక్కరికీ ఇక్కడ చోటు లేదు.

"అంతే" అన్నాను.

మిషను మళ్ళీ మొదలైంది. చిన్నది ఆ వీడియోని ఇంకోసారి నడిపించింది. నేను చూడ్డానికి ముందుకు వంగాను, నా నీడ తెర మీద అడ్డంగా పడింది. చిన్నది కాస్త పక్కకి జరిగి కూర్చుంది.